నిలదీసి చదివే చదువు

థామస్ హెర్న్‌డన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హెర్‌స్ట్ క్యాంపస్‌లో అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. కోర్స్‌వర్క్‌లో భాగంగా క్లాసుకి ఒక హోంవర్క్ ఇచ్చారు. అచ్చయిన పేపర్ ఏదైనా తీసుకుని, అందులోని లెక్కలు మొదటినుంచీ మళ్ళీ చేసి, రచయితలకు వచ్చిన ఫలితాలే వస్తాయేమో చూడమన్నారు. హెర్న్‌డన్ పట్టుకున్నది అల్లాటప్పా పేపర్ కాదు. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరుమోసిన ఆర్థికవేత్తలు 2010లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో ప్రచురించిన పత్రం అది. ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో ఆర్థిక వృద్ధి బాగా తగ్గిపోతుందని అందులో రాశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి కాలానికి అలాంటి దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని తేల్చారు. ప్రభుత్వాలు ఖర్చు తగ్గించుకోవాలని వాదించే నాయకులు అమెరికాలోనూ ఐరోపాలోనూ ఈ పత్రాన్ని చూపించేవారు.

హెర్న్‌డన్ ఎన్నిసార్లు చేసినా ఆ అంకె రాలేదు. కుర్రవాడే ఎక్కడో తప్పు చేసి ఉంటాడని మొదట పాఠం చెప్పే ఆచార్యులు కూడా అనుకున్నారు. చివరికి అతను రచయితలకే రాశాడు. వాళ్ళు తమ ఎక్సెల్ ఫైలు పంపించారు. తెరిచి చూస్తే, సగటు తీసే సూత్రం 20 దేశాల వరుసల్లో 15 వరకే వెళ్ళి ఆగిపోయింది. షీటులో చివరనున్న ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకి రాలేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. అధిక రుణంతో 19 ఏళ్ళు గడిపిన బ్రిటన్ సగటుకి ఎంత విలువ ఇచ్చారో, న్యూజిలాండ్‌లో ఒకే ఒక్క చెడ్డ సంవత్సరపు వృద్ధికి, అంటే మైనస్ 7.6 శాతానికి, అంతే విలువ ఇచ్చారు. న్యూజిలాండ్‌కి సంబంధించిన మరికొన్ని సంవత్సరాలు అసలు లెక్కలోనే లేవు. ఇవన్నీ సరిచేస్తే సగటు 2.2 శాతానికి చేరింది. 2013లో హెర్న్‌డన్, మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్ కలిసి ఈ సంగతి బయటపెట్టారు. ఎక్సెల్ పొరపాటును రైన్‌హార్ట్, రోగాఫ్ ఒప్పుకున్నారు. అయితే రుణం పెరిగితే వృద్ధి తగ్గుతుందన్న తమ మూలవాదన నిలుస్తుందనే అన్నారు. ఆ చర్చ అర్థశాస్త్రంలో ఇంకా సాగుతూనే ఉంది.

ఆ పేపర్ మూడేళ్ళపాటు ఎందరి చేతుల్లోనో పడింది. వాళ్ళందరికంటే హెర్న్‌డన్ తెలివైనవాడని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. ఆ అంకె ఎలా వచ్చిందో తన చేత్తో తేల్చుకోవాలనే పని మీద అతను పేపర్ తెరిచాడు. మిగతావాళ్ళు ఆ అంకె తెలుసుకుందామని తెరిచారు. చదివే తీరులో ఉన్న ఈ తేడాయే పరిశోధనలోకి కొత్తగా అడుగుపెట్టిన విద్యార్థి మొట్టమొదట పట్టుకోవలసింది.

ఎమ్మెస్సీ దాకా మన చదువంతా పాఠ్యపుస్తకం చుట్టూ నడుస్తుంది. అందులో ఉన్నది నిజం, పరీక్షలో రాయవలసిందీ అదే. అలా పదిహేడేళ్ళు చదివిన విద్యార్థి పీహెచ్‌డీలో చేరగానే గైడ్ ఓ పాతిక పీడీఎఫ్‌లు పంపి, చదువుకుని రమ్మంటారు. విద్యార్థి మొదటి పేపర్‌ని మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టి, పసుపు హైలైటర్‌తో గీతలు గీసుకుంటూ, అర్థంకాని మాట తగిలినచోటల్లా ఆగుతూ, మూడో పుటలో ఏ సమీకరణం దగ్గరో చిక్కుకుంటాడు. ఇంగ్లీషు రాకపోవడం వల్లనో తన బుర్ర చాలకో ఇలా అవుతోందని కుంగిపోతాడు. చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. పరిశోధన పత్రం పాఠం కాదు. ఒక సమయంలో కొందరు మనుషులు, తమ చేతిలో ఉన్న ఆధారాలతో చేసిన వాదన అది. వాదన వినేవాడు మధ్యలో ప్రశ్నించవచ్చు, ముగింపు ముందే అడగవచ్చు, ఆధారం చూపించమనవచ్చు.

వరుసలో చదవాలన్న నియమం కూడా లేదు. పీటర్ మెడవార్ 1960లో నోబెల్ బహుమతి అందుకున్న బ్రిటిష్ జీవశాస్త్రవేత్త. 1963లో బీబీసీ రేడియోలో మాట్లాడుతూ, శాస్త్రీయ పత్రం ఒక మోసమా అని ఆయన సూటిగా అడిగాడు. దొంగ ఫలితాల గురించి కాదు ఆయన బాధ. పరిశోధకుడి ఆలోచన నిజంగా నడిచిన దారిని పేపర్ దాచిపెడుతుందని, ఏ ముందస్తు ఊహా లేకుండా పరిశీలనలు చేస్తూ పోతే నిర్ణయం దానంతటదే వచ్చిందన్నట్టు నటిస్తుందని ఆయన ఆరోపణ. ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అనే నాలుగు గదుల నిర్మాణం వైద్య పత్రికల్లో 20వ శతాబ్దం మధ్య నుంచి క్రమంగా స్థిరపడి, 1980ల నాటికి దాదాపు తప్పనిసరి అయింది. పరిశోధన మాత్రం ఈ వరుసలో జరగదు. ముందు ఒక వింత ఫలితం కనిపిస్తుంది, దానికో వివరణ తోస్తుంది, దాన్ని పరీక్షించడానికి ఇంకో ప్రయోగం చేస్తారు, ఉపోద్ఘాతం అన్నిటికంటే చివర రాస్తారు. రాసినవాళ్ళే ఆ వరుసలో పని చేయనప్పుడు చదివేవాళ్ళు మాత్రం ఎందుకు ఆ వరుసకి కట్టుబడాలి?

మూడు విడతలు

ఈ విషయంలో కొత్త విద్యార్థులకు అక్కరకొచ్చే రచన ఒకటుంది. శ్రీనివాసన్ కేశవ్ కంప్యూటర్ నెట్‌వర్క్‌ల శాస్త్రవేత్త. ఐఐటీ ఢిల్లీలో చదివి, బర్క్‌లీలో పీహెచ్‌డీ చేసి, కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. పేపర్ చదవడం ఎలా అన్నదాని మీద 2007లో ఆయన రెండు పుటల చిన్న వ్యాసం ప్రచురించారు. అది కంప్యూటర్ సైన్స్ దాటి అన్ని శాఖల విద్యార్థుల చేతుల్లోకీ వెళ్ళింది. ఏ పేపర్‌నైనా ఒకే ఊపులో చదవవద్దని, మూడు విడతలుగా చదవమని ఆయన చెబుతారు.

మొదటి విడతకి ఐదు నుంచి పది నిమిషాలు. శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్, ఉపోద్ఘాతం శ్రద్ధగా చదివి, మిగతాచోట్ల ఉపశీర్షికలు మాత్రం చూసి, ముగింపు చదివి, రెఫరెన్సుల్లో తనకు ముందే తెలిసినవి ఎన్ని ఉన్నాయో గమనించడం. అంతే, ఆపేయాలి. ఇది ఏ రకం పేపర్, ఏ చర్చకు కొనసాగింపు, దీని ఊహలు సబబుగా ఉన్నాయా, కొత్తగా ఏం చెబుతోంది, స్పష్టంగా రాశారా అన్న ప్రశ్నలకు ఈపాటికి జవాబు దొరకాలి. చాలా పేపర్లు ఇక్కడితో పక్కన పెట్టేయదగ్గవే. పక్కన పెట్టడం తప్పు కాదు, అదీ చదువులో భాగమే. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సైన్స్, ఇంజనీరింగ్ శాఖల్లోనే దాదాపు 33 లక్షల పేపర్లు వెలువడ్డాయి. ఇన్నిట్లో ఏది వదిలేయాలో తెలియనివాళ్ళకి ఏది పట్టుకోవాలో కూడా తెలియదు.

రెండో విడతకి సుమారు గంట. రుజువుల లోతుల్లోకి పోకుండా, వాదన ఎలా నడిచిందో పట్టుకోవడం. బొమ్మలు, గ్రాఫులు ఒక్కొక్కటే జాగ్రత్తగా చూడటం. మూడో విడత అన్ని పేపర్లకీ అక్కర్లేదు, తన పరిశోధనకి ప్రాణమైన కొన్నింటికి చాలు. అక్కడ పాఠకుడు రచయిత కుర్చీలో కూర్చుంటాడు. ఇవే ఊహలతో ఇదే సమస్యని తానైతే ఎలా పరిష్కరించేవాడో మనసులోనో కాగితం మీదో చేసి, దాన్ని పేపర్‌తో పోల్చుకుంటాడు. కొత్తవాళ్ళకి దీనికి నాలుగైదు గంటలు పడుతుందని కేశవ్ అంటారు. తొలి ఏడాది పీహెచ్‌డీ విద్యార్థికి ఊరటనిచ్చే అంకె ఇది. ఒక పేపర్ మీద పూటంతా గడిచిపోతే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

బొమ్మల దగ్గర ఇంకాస్త ఆగాలి. ప్రయోగశాస్త్రాల్లో అనుభవజ్ఞులు చాలామంది అబ్‌స్ట్రాక్ట్ కాగానే నేరుగా బొమ్మలకే వెళతారు, ఎందుకంటే రచయిత మాటలకంటే ఆధారం అక్కడే ఉంటుంది. నిలువు అక్షం సున్నా నుంచి మొదలైందా, లేక 90 నుంచి మొదలుపెట్టి చిన్న తేడాని పెద్దదిగా చూపుతోందా? బిందువు కింద శాంపిల్ ఎంత? కడ్డీల మీద కనిపించే ఎర్రర్ బార్లు దేన్ని సూచిస్తున్నాయి? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలామందిని ఇదే బోల్తా కొట్టిస్తుంది. స్టాండర్డ్ డీవియేషన్ అంటే కొలతలు ఒకదానికొకటి ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో చెప్పేది. స్టాండర్డ్ ఎర్రర్ అంటే ఆ డీవియేషన్‌ని శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగించినది. 25 మంది మీద కొలిస్తే రెండోది మొదటిదానిలో ఐదోవంతే ఉంటుంది. అదే డేటాకి స్టాండర్డ్ ఎర్రర్ గీస్తే బార్లు పొట్టిగా, ఫలితం గట్టిదిగా కనిపిస్తుంది. బొమ్మ కింద సన్నటి అక్షరాల్లో ఏది గీశారో రాస్తారు. రాయకపోతే, ఆ పేపర్‌ని అడగవలసిన మొదటి ప్రశ్న దొరికినట్టే.

పద్ధతుల విభాగంలో ఉన్న కథ

విద్యార్థులు అందరూ దాటేసే విభాగం మెథడ్స్. చదవడానికి చప్పగా ఉంటుంది. ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత ఉష్ణోగ్రత, ఏ సాఫ్ట్‌వేర్, ఏ సంవత్సరపు సర్వే. కానీ పద్ధతే పేపర్‌కి పునాది అని భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే చెబుతుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో రాసిన పత్రం పూర్తిగా ఒక పద్ధతి గురించే. రక్తం, మూత్రం వంటి ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు గాఢతని బట్టి కొలిచే విధానం అది. ఆ పద్ధతిని జీవరసాయన ప్రయోగశాలలు ఇవాళ్టికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తాయి.

అసలు కథ ఆ తర్వాత జరిగింది. కండర సారంలో ఫాస్ఫేట్‌ని ఇదే పద్ధతితో కొలుస్తున్నప్పుడు రంగు రావలసినంత వేగంగా రాలేదు, నింపాదిగా పెరుగుతూ పోయింది. కొలిచే తీరు క్షుణ్ణంగా తెలియనివాళ్ళయితే రంగు స్థిరపడ్డాక అంకె రాసుకుని వెళ్ళిపోయేవారు. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యం దగ్గరే ఆగారు. కండరంలో ఏదో అస్థిరమైన పదార్థం ఉందని, అది పరీక్ష జరుగుతున్నప్పుడే విడిపోతూ ఫాస్ఫేట్‌ని విడుదల చేస్తోందని గుర్తించారు. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరాల శక్తి గురించి అప్పటిదాకా ఉన్న అవగాహనని అది మార్చేసింది. ఏ పద్ధతి ఏం కొలుస్తుంది, ఏం కొలవలేదు అన్నది తెలిసిన పాఠకుడికి ఎదుటివాళ్ళ పేపర్‌లో కూడా ఇలాంటి సందులు కనిపిస్తాయి.

పద్ధతుల విభాగాన్ని నిలదీస్తే ఏం జరుగుతుందో ఈ కాలంలోనూ ఒక సంఘటన చూపించింది. 2020 మే 22న, కోవిడ్ ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో, ‘లాన్సెట్’ ఒక పేపర్ ప్రచురించింది. ఆరు ఖండాల్లో 671 ఆసుపత్రుల నుంచి 96 వేల మంది రోగుల వివరాలు సేకరించామని, హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకున్నవాళ్ళలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని అందులో రాశారు. మూడు రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షల్లో ఆ మందు వాడకాన్ని తాత్కాలికంగా నిలిపేసింది. మన దేశంలో ఆరోగ్య సిబ్బందికి ఇదే మందుని ముందుజాగ్రత్తగా ఇస్తున్న రోజులవి కాబట్టి ఇక్కడా కలవరం రేగింది. అయితే పాఠకులు కొందరు పట్టికల్లోని అంకెల్ని బయటి లెక్కలతో పోల్చి చూశారు. ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియాలోని ఐదు ఆసుపత్రుల్లోనే 73 మరణాలని పేపర్ చెబుతోంది. ఆ తేదీకి ఆ దేశం మొత్తం మీద నమోదైన కోవిడ్ మరణాలు 67. వందమందికి పైగా పరిశోధకులు బహిరంగ లేఖ రాసి, మూల డేటా చూపించమన్నారు. డేటా ఇచ్చిన సర్జిస్ఫియర్ కంపెనీ స్వతంత్ర తనిఖీకి దాన్ని అప్పగించలేదు. జూన్ 4న పేపర్ ఉపసంహరణ అయింది.

73, 67. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టడానికి గొప్ప గణాంకశాస్త్రం అక్కర్లేదు. పేపర్ చెప్పే అంకెని పేపర్ బయట ఉన్న ఏదో ఒక అంకెతో సరిపోల్చే అలవాటు చాలు.

ఇంతకంటే పాతదీ, దీనికంటే ఎక్కువ కీడు చేసినదీ మరో ఉదంతం ఉంది. 1980 జనవరిలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి రాశారు. ఆసుపత్రిలో చేరి నార్కోటిక్ నొప్పి మందులు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, మునుపు వ్యసనం లేనివాళ్ళలో కొత్తగా వ్యసనానికి లోనైనవాళ్ళు నలుగురేనని అందులోని సారాంశం. ఆసుపత్రి మంచం మీద, వైద్యుల కళ్ళముందు, కొద్దిరోజులు మందు తీసుకున్న రోగుల సంగతి అది. ఇంటికి వెళ్ళి నెలల తరబడి మాత్రలు మింగేవాళ్ళ గురించి ఆ ఉత్తరం ఒక్క మాటా చెప్పలేదు. 2017లో కెనడా పరిశోధకులు ఆ ఉత్తరాన్ని ఉదహరించిన రచనలన్నీ తిరగేశారు. 608 దొరికాయి. వాటిలో 72 శాతం, ఓపియాయిడ్ మందులతో వ్యసనం అరుదని చెప్పడానికే దాన్ని సాక్ష్యంగా వాడుకున్నాయి. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్ళన్న సంగతి 80 శాతానికి పైగా రచనల్లో లేనే లేదు. ఓపియాయిడ్ వ్యసనంతో అమెరికా లక్షల ప్రాణాలు పోగొట్టుకుంది. ఆ విపత్తుకి కారణాలు చాలా ఉన్నాయి, మందుల కంపెనీల ప్రచారం వాటిలో ముఖ్యమైనది. కానీ చదవకుండా ఉదహరించిన ఆ ఐదు వాక్యాలు ఆ ప్రచారానికి శాస్త్రీయమైన ముసుగు తొడిగాయి.

చదవకుండా ఉదహరించడం ఎంత మామూలో ఇద్దరు పరిశోధకులు తమాషా దారిలో అంచనా వేశారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజలిస్‌కి చెందిన మిఖాయిల్ సిమ్‌కిన్, వ్వాని రాయ్‌చౌదరి రెఫరెన్సుల జాబితాల్లోని అచ్చుతప్పుల్ని గమనించారు. పుట సంఖ్యలో ఒకరు చేసిన తప్పే పదుల పేపర్లలో యథాతథంగా మళ్ళీ మళ్ళీ కనిపించింది. అంటే మూలాన్ని తెరవకుండా పక్కవాళ్ళ జాబితా నుంచి ఎత్తి రాసుకుంటున్నారన్నమాట. ఉదహరించేవాళ్ళలో మూలాన్ని చదివేది 20 శాతం మందేనని 2003లో వాళ్ళు లెక్కగట్టారు. లిటరేచర్ రివ్యూ రాసే ప్రతి విద్యార్థీ దీన్ని మనసుకి పట్టించుకోవాలి. ఒక పేపర్ ఇంకో పేపర్ గురించి చెప్పిన మాట తన థీసిస్‌లోకి వస్తోందంటే, ముందు ఆ రెండో పేపర్ తెరిచి చూడాల్సిందే.

ఇప్పుడు పీడీఎఫ్ ఇస్తే క్షణాల్లో సారాంశం చేతిలో పెట్టే ఏఐ సాధనాలు వచ్చాయి. మొదటి విడత చదువుకి, అంటే పేపర్‌ని ఉంచుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి, అవి కొంత సాయపడవచ్చు. కానీ పైన చెప్పిన మూడు ఉదంతాల్లోనూ అసలు సంగతి రచయితలు నొక్కి చెప్పిన చోట లేదు. స్ప్రెడ్‌షీట్‌లో వదిలేసిన ఐదు వరుసలు సారాంశంలో కనిపించవు. ఆసుపత్రి అన్న ఒక్క మాట సారాంశంలో జారిపోవచ్చు, వందల సార్లు మనుషుల చేతుల్లో జారిపోయినట్టే.

ప్రశ్న ఎక్కడ పుడుతుంది

తప్పులు పట్టడానికే చదవాలని దీని అర్థం కాదు. నిలదీసి చదవడంలో ఎక్కువ ఫలం ఇంకోచోట ఉంది. ఒక ఫలితం ఎక్కడి వరకు చెల్లుతుందని అడగడంలో ఉంది. దీనికి కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్. రావుగా తెలిసిన మన గణాంకశాస్త్రవేత్త, కథ చక్కటి ఉదాహరణ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్ళిన ఆయన, 1940ల తొలి అర్ధభాగంలో అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నారు. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు ఒక అంచనాలో ఉండే అనిశ్చితి ఒక హద్దు కంటే తగ్గదన్న రొనాల్డ్ ఫిషర్ ఫలితాన్ని ఓ రోజు క్లాసులో వివరిస్తున్నారు. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, శాంపిల్ చిన్నదైతే ఇలాంటి హద్దు ఉందా అని అడిగారు. ఈ దండేకరే తర్వాత పేదరికం మీద అధ్యయనాలతో దేశమంతా ఎరిగిన ఆర్థికవేత్త అయ్యారు. జవాబు రావు దగ్గరా లేదు. ఇంటికి వెళ్ళి ఆ రాత్రి కూర్చుని తేల్చారు. అది 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో 81వ పుట నుంచి 91 దాకా అచ్చయింది. క్రామర్-రావు హద్దు అని ఇవాళ గణాంకశాస్త్ర విద్యార్థులు నేర్చుకునేది అదే. 2023లో ఆయనకి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి తెచ్చిపెట్టింది కూడా ఆ పత్రమే.

దండేకర్ ప్రశ్నలో ఫిషర్ ఫలితం పట్ల అనుమానం లేదు. పెద్ద శాంపిల్ అన్న షరతుని అతను చెవిన వేసుకున్నాడు, అది లేకపోతే ఏమిటని అడిగాడు. పేపర్ చదివేటప్పుడు విద్యార్థి వెతకవలసింది ఇలాంటి షరతులనే. ఈ సర్వే పట్టణాల్లో చేశారు, పల్లెల్లో అయితే? ఈ వంగడాన్ని నల్లరేగడిలో పరీక్షించారు, ఎర్రనేలలో? ఈ మోడల్ ఇంగ్లీషు మీద పనిచేసింది, సంధులూ సమాసాలూ ఉన్న తెలుగు మీద? చర్చ విభాగం చివర రచయితలు పరిమితులంటూ నాలుగు వాక్యాలు రాస్తారు. చాలామంది దాటేసే ఆ నాలుగు వాక్యాల్లో ఎన్ని సినాప్సిస్‌లకి సరిపోయే ప్రశ్నలుంటాయో!

చదివింది నిలవాలంటే రాయాలి. హైలైటర్ గీత చదివిన భ్రమ కలిగిస్తుంది. మూడు నెలల తర్వాత అదే పీడీఎఫ్ తెరిస్తే పసుపు మరకలు ఎందుకు పెట్టుకున్నారో గుర్తుండదు. అంతకంటే, పేపర్ మూసేసి, సొంత మాటల్లో ఐదారు వాక్యాలు రాసుకోవడం మేలు. వాళ్ళు ఏమడిగారు, ఏం చేశారు, ఏం తేలింది, తనకు నమ్మకం కుదరనిది ఏది. వాటిని తెలుగులో రాసుకుంటే ఇంకా మంచిది. తెలుగు మాధ్యమంలో చదివొచ్చిన విద్యార్థికి ఇంగ్లీషు వాక్యాన్ని ఇంగ్లీషులోనే తిరగరాసుకోవడం సులభం, ఎందుకంటే అర్థంకాకపోయినా మాటలు అటూ ఇటూ మార్చి రాసేయవచ్చు. తెలుగులో చెప్పాలంటే మాత్రం అర్థమై తీరాలి. ఎక్కడ వాక్యం ఆగిపోయిందో సరిగ్గా అక్కడే విషయం తెలియలేదని తేలిపోతుంది. ఈ నోట్సుని పేపర్ వివరాలతోపాటు ఒకచోట భద్రపరచడానికి జొటీరో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో 2006లో మొదలైన ఆ సాధనం, థీసిస్ చివర రెఫరెన్సుల జాబితాని కూడా తానే తయారుచేసి పెడుతుంది.

ఏ పత్రికలో వచ్చిందన్నదీ చూసుకోవాలి. డబ్బులిస్తే ఏదైనా అచ్చువేసే పత్రికలు మన దగ్గరా కావలసినన్ని ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ సరైన సమీక్ష లేకుండానే పేపర్లు వేస్తూ పరిశోధకుల్ని మభ్యపెట్టిందని తేల్చి, 2019లో అమెరికా కోర్టు ఒకటి 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. ఆమోదించిన పత్రికల జాబితాగా యూజీసీ నడిపిన కేర్ లిస్టు 2025లో రద్దయింది. మంచిచెడ్డలు తేల్చుకునే భారం ఇప్పుడు విశ్వవిద్యాలయాల మీద, గైడ్ల మీద, చివరికి చదివే విద్యార్థి మీదే పడింది.

చదవడానికి పేపర్ దొరకడం కూడా మొన్నమొన్నటిదాకా పెద్ద సమస్యే. ఒక్కో వ్యాసానికి వేల రూపాయలు అడిగే పత్రికల్ని జిల్లా కేంద్రంలోని పీజీ కాలేజీ ఎక్కడ కొంటుంది? కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మూడేళ్ళకి 6,000 కోట్ల రూపాయలు వెచ్చించి, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికల్ని 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకి అందుబాటులోకి తెచ్చారు. ప్రైవేటు కాలేజీల విద్యార్థులకి ఆ సౌకర్యం లేదు. వాళ్ళకి భౌతిక, గణిత, కంప్యూటర్ శాస్త్రాల్లో 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలోనూ, వైద్య, జీవశాస్త్రాల్లో పబ్‌మెడ్ సెంట్రల్‌లోనూ పేపర్లు ఉచితంగా దొరుకుతాయి. మన దేశపు థీసిస్‌ల కోసం శోధగంగ ఉంది. ఎక్కడా దొరకకపోతే రచయితకే నాలుగు ముక్కల ఈమెయిల్ రాయవచ్చు. తమ పేపర్ చదువుతానని అడిగితే కాదనే పరిశోధకులు అరుదు.

పత్రికలు కొనలేని ఇబ్బంది మన కాలానిదే కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న యువ వైద్యుడు విలియం ఆస్లర్, విడివిడిగా తెప్పించుకోలేని వైద్య పత్రికల్ని కలిసి కొని కలిసి చదువుకోవడానికి 1875లో ఒక జర్నల్ క్లబ్ మొదలుపెట్టాడు. ఆ అలవాటు తర్వాత ప్రపంచమంతటా వైద్య కళాశాలలకీ ప్రయోగశాలలకీ పాకింది. మన విభాగాల్లో అది ఉన్నచోట కూడా తరచూ సెమినార్‌గా మారిపోతోంది. ఒకరు ముప్పై స్లయిడ్లు చేసుకొచ్చి ఒప్పజెబుతారు, మిగతావాళ్ళు హాజరుపట్టీలో సంతకం పెట్టి వెళ్ళిపోతారు. దాని బదులు నలుగురు స్కాలర్లు వారానికోసారి గంటసేపు కూర్చుంటే చాలు. పేపర్‌ని అందరూ ముందే ఒక విడత చదివి రావాలి. స్లయిడ్లు వద్దు, పేపర్‌లోని బొమ్మలనే తెరమీద పెట్టుకోవాలి. ఒక్కో బొమ్మని ఒక్కొక్కరు తీసుకుని, అక్షాల మీద ఏముందో, శాంపిల్ ఎంతో, దీన్నిబట్టి రచయితలు ఏమంటున్నారో, అది అంతవరకూ తేలిందో లేదో చెప్పాలి. మాటలు తెలుగులోనే సాగనివ్వాలి. గైడ్ వస్తే వెనక వరుసలో కూర్చుని, అందరికంటే చివర మాట్లాడితే బాగుంటుంది.